గడువు తీరిన పేరు

పోయిన వారం మనం ఒక రేకు డబ్బా దగ్గర ఆగాం. సోయా గింజల్ని పులియబెట్టే పొడిని సుమియాతి దాచుకునే డబ్బా అది. పొడి పొట్లాల అడుగున, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు చుట్టి పెట్టిన ఎర్ర కార్డు కూతురికి దొరికింది. పరాయి గడ్డ మీద పుట్టి మలేసియాలో స్థిరపడినవాళ్ళకి ఇచ్చే శాశ్వత నివాసం కార్డు. పౌరులది నీలం, వీళ్ళది ఎరుపు. దాని మీద తల్లి ఫోటో ఉంది, తల్లి పేరు ఉంది, గడువు తేదీ ఉంది. ఆ తేదీ దాటిపోయి పదకొండు నెలలు.

కంటి పొర తీయించడానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు కౌంటర్లో కార్డు అడిగితే, ఇంట్లో మర్చిపోయానంది సుమియాతి. రెండోసారి, పారేసుకున్నానంది. మూడోసారి ఏమీ అనకుండా బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఆ కార్డు చేత్తో పట్టుకుని కూతురు రుస్నాని తల్లిని అడిగింది ఒక్కటే.

"పోయిందన్నావు కదా మక్! పోయిన కార్డు పొట్లాల కింద తనంతట తనే వెళ్ళి పడుకుందా?"

తల్లి తన వేళ్ళకంటిన పొడిని నడుముకి కట్టిన సరోంగ్‌కి తుడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

రుస్నాని బళ్ళో లెక్కలు చెప్తుంది. తేలని లెక్కని బోర్డు మీద వదిలేసి ఇంటికి పోయే మనిషి కాదు. సోమవారం సెలవు పెట్టి తల్లిని బాతు పహత్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తీసుకెళ్ళింది. అక్కడి అమ్మాయి కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, పిన్నిగారూ అన్న మర్యాదతో, "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు మక్చిక్? సరే, ఏదో ఒకటి రాద్దాంలెండి. మీ దేశం పాస్‌పోర్టు ఇవ్వండి" అంది. పాస్‌పోర్టు గడువు అంతకుముందే తీరిపోయింది. "ముందు అది కొత్తది చేయించుకు రండి. అది లేకుండా ఇది కదలదు" అని కార్డు వెనక్కి జరిపింది.

అందుకే బుధవారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు జొహోర్ బారులో ఉన్న ఇండోనేసియా కాన్సులేటుకి బయల్దేరారు.

దారి పొడవునా పామాయిల్ తోటలు. సుమియాతి ఒళ్ళో ఒక సంచి, సంచిలో అరటాకుల్లో చుట్టిన టెంపే కట్టలు. మొన్న పులియబెట్టినవి, ఈ పొద్దుటికి గింజా గింజా తెల్లటి బూజుతో అతుక్కుని గట్టిపడ్డాయి. కారంతా అదే వాసన.

"ఇదెందుకు తెచ్చావు? ఆఫీసరుకి లంచమా?" అంది రుస్నాని.

"ఎవరికైనా ఇవ్వొచ్చని."

"మీ ఊరివాడైతే తీసుకుంటాడు. కాకపోతే బయటికి గెంటుతాడు." రుస్నాని నవ్వింది. తల్లి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. పొర కమ్మిన కళ్ళకి తోటలు కనిపించడం లేదు. పచ్చటి నీళ్ళు కదులుతున్నట్టుంది.

ఆమె వినికిడి గురించి ఊళ్ళో ఒక వేళాకోళం ఉంది. "సుమీ" అని పిలిస్తే వెంటనే పలకదు. ఒక్క క్షణం ఆగి, భుజం మీదుగా వెనక్కి చూసి, అప్పుడు పలుకుతుంది. చెవుడనుకున్నారు కొందరు, పొగరనుకున్నారు కొందరు. భర్త కస్బుల్లా మాత్రం ఏమీ అనుకోలేదు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఆమెని ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. "డిక్" అనేవాడు, చిన్నదానా అన్నట్టు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచీ ఇంట్లో ఆ పిలుపు లేదు. బయట ఎటు తిరిగినా సుమి, సుమియాతి, మక్చిక్ సుమి. ఆ పేరు వినపడ్డ ప్రతిసారీ వెనక ఎవరో నిలబడి ఉన్నారని ఆమెకి అనిపిస్తుంది. తడి బట్టలతో, ఊపిరి బరువుగా తీస్తూ. పిలిచింది ఆ మనిషినేమో, ఆమె పలుకుతుందేమో అని ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరూ పలకరు. అప్పుడు తను పలుకుతుంది.

తొమ్మిదిన్నరకి కాన్సులేటు పక్క వీధిలో చెట్టు నీడన కారు ఆగింది. రుస్నాని కాగితాల కట్ట చంకలో పెట్టుకుని దిగి, అటు వైపు వచ్చి తలుపు తీసింది.

"దిగు మక్."

"నువ్వెళ్ళి కనుక్కో. అవసరమైతే నేనొస్తాను."

"నీ వేలి ముద్ర నేనెట్లా వేస్తాను? దిగు."

"ఈ ఒక్కసారికీ వదిలెయ్యి రుస్. కళ్ళు ఇట్లాగే ఉండనీ. కనిపించినంత వరకు కనిపిస్తుంది."

"మక్, కార్డు లేకుండా నువ్వు రోడ్డు మీద నడిస్తే, రేపు ఎవరైనా ఆపితే ఏం చెప్తావు? లారీ ఎక్కిస్తారు. నలభై ఏళ్ళున్నానంటే వింటారా? నేను బళ్ళో పాఠం చెప్పుకుంటుంటే నిన్ను తీసుకెళ్ళి ఎక్కడో కంచె లోపల పెడితే, నేనెవర్ని అడగాలి?"

తల్లి సీటు బెల్టుని రెండు చేతులతో పట్టుకుంది.

"లోపలికెళ్తే వాళ్ళు నన్ను ఆ పేరుతో పిలుస్తారు."

"ఏ పేరుతో?"

"సుమియాతి అని."

"నీ పేరుతో పిలవక మా హెడ్మాస్టర్ పేరుతో పిలుస్తారా?"

"అది నా పేరు కాదు రుస్."

రుస్నాని చెయ్యి కారు తలుపు మీదే ఉండిపోయింది. తల్లికి మతి తప్పుతోందా అన్నది మొదట వచ్చిన ఆలోచన. ముఖంలోకి వంగి చూసింది. అక్కడ మతి తప్పిన జాడ లేదు. చాలాకాలంగా మోస్తున్న బరువుని ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయిన మనిషి ముఖం అది.

రుస్నాని చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ డ్రైవర్ సీట్లో కూర్చుంది. తలుపు వేసింది. "చెప్పు" అంది.

"సుమియాతి మా అక్క."

"నీకు అక్క ఉందా?"

"ఉండేది. నాకన్నా మూడేళ్ళు పెద్ద. మీ నాన్నకి కుదిర్చింది దాన్నే. మీ నాన్న ఇక్కడ, మేము జావాలో. ఉత్తరాల మీదే అంతా మాట్లాడుకున్నారు. ఇక్కడికి రావడానికి ముద్ర వేసిన కాగితాలు దాని పేరు మీద వచ్చాయి. ఎనిమిది నెలలు పట్టింది అవి రావడానికి. మలేసియాకి పడవలు కదిలే బెంగ్కాలిస్ రేవుదాకా తోడు వెళ్ళి రమ్మన్నాడు మా నాన్న నన్ను. రేవులో నేను ఏడ్చాను. అక్క అంది, 'నువ్వూ వచ్చెయ్యవే, నువ్వు లేకుండా అక్కడ నేనెవరితో మాట్లాడను' అని. పడవవాణ్ణి బతిమాలింది. కాగితం లేకుండా నన్నెక్కించింది."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎవరికో దారి చెప్తున్నంత నెమ్మదిగా చెప్తోంది.

"మధ్యాహ్నం పూట. ఎండ కాస్తూనే ఉంది. అక్కకి పడవ పడక ఒకటే వాంతులు. కాగితాల సంచి నడుముకి బిగుతుగా ఉందని విప్పి నా నడుముకి కట్టింది. తర్వాత గాలి మొదలైంది. సముద్రం మధ్యలో ఎట్లా ఉంటుందో నీకు తెలీదు రుస్. ఒక పక్క ఎండ, ఒక పక్క నల్లటి గోడలాగా వాన. పద్నాలుగు మందిమి. పడవ తిరగబడింది. నూనె డబ్బా ఒకటి నా చేతికి దొరికింది. అక్క దొరకలేదు."

"తర్వాత?"

"జాలర్లు తీసి ఒడ్డుకి తెచ్చారు. వాళ్ళ ఆడవాళ్ళు పొడి బట్టలిచ్చారు. పోలీసాయన వచ్చాడు. నా నడుముకున్న సంచి విప్పి, కాగితం ఆరబెట్టి, గట్టిగా చదివాడు. 'సుమియాతి, కార్తో కూతురు. నువ్వేనా?' అన్నాడు." ఆమె ఆగింది. "నేను తల ఊపాను."

"అంతేనా?"

"అంతే. కాదంటే వెనక్కి పంపేస్తారు. పద్దెనిమిదేళ్ళు నాకు. చలి. భయం. ఒక్కసారి తల ఊపాను. మళ్ళీ దాన్ని వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు."

రోడ్డు మీద బస్సు ఒకటి వెళ్ళింది. కారు అద్దాలు అదిరాయి.

"నాన్నకి తెలుసా?"

"సైకిల్ మీద వచ్చాడు మీ నాన్న. జేబులో అక్క ఫోటో. ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. అక్కచెల్లెళ్ళం కదా, పోలికలుంటాయి. కానీ అక్క గడ్డం మీద ఇక్కడ పుట్టుమచ్చ ఉంటుంది." తన గడ్డాన్ని ముట్టుకుంది. "ఫోటో జేబులో పెట్టేసుకున్నాడు. 'పద డిక్, తడిసిపోయావు, జ్వరం వస్తుంది' అన్నాడు. ఆయన ఏనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన పోయాక పెట్టె తీసి చూశాను. ఫోటో లేదు. ఎప్పుడు పారేశాడో, ఏం చేశాడో."

రుస్నాని స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి, వాటి మీద నుదురు పెట్టుకుంది. అలాగే మాట్లాడింది.

"నా పుట్టిన కాగితంలో తల్లి అని రాసిన చోట ఉన్నది చచ్చిపోయిన ఆవిడ పేరన్నమాట. నా బడి కాగితాల్లో, నా ఉద్యోగం కాగితాల్లో, నాన్న సమాధి దగ్గర మౌల్వీ చదివిన దువాలో. అంతా ఆవిడే."

"అవును."

"నలభై ఒక్క ఏళ్ళు మక్! నాకు ఒక్కసారి చెప్పాలనిపించలేదా? నేనేమన్నా పోలీసునా?"

"నీకు చెబితే నువ్వూ మొయ్యాలి."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"ఆ కార్డు మార్చినప్పుడల్లా అక్క పేరు కింద నా బొటనవేలు పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ అది నా చెయ్యి పట్టుకుని లాగినట్టుంటుంది. ఇదివరకు మీ నాన్న మోచెయ్యి పట్టుకుని పక్కన నిలబడేవాడు. పెట్టేసేదాన్ని. కిందటేడు గడువు తీరిందని చూసుకున్నప్పుడు, పోనీలే, ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మళ్ళీ ఇంకోసారి దాని పేరు దొంగిలించే ఓపిక నాకు లేదు."

రుస్నాని తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ తడి లేదు. తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇంతకీ నీ పేరేంటి?"

ఆమె నోరు తెరిచింది. పెదవులు తడుపుకుంది. ఇన్నేళ్ళూ బయటికి తియ్యని మాట పలకడానికి నాలుక దారి వెతుక్కుంది.

"వర్తిని."

"వర్తిని" అంది రుస్నాని, బళ్ళో కొత్తగా చేరిన పిల్ల పేరు పలికి చూసినట్టు. మళ్ళీ అంది, "వర్తిని."

తల్లి వెనక్కి చూడలేదు.

రుస్నాని కాగితాల కట్ట తీసుకుంది.

"ఇన్నేళ్ళూ ఆ పేరు కింద పడ్డ వేలి ముద్ర నీదే. ఇంకెవరిదీ పడలేదు. కాబట్టి లోపల నువ్వు వేలు పెడితే సరిపోతుంది. పెడతావో, నిజం చెప్తావో, మెట్లెక్కేలోపు తేల్చుకో. రెండిట్లో ఏదైనా నేను పక్కనుంటా. నా నోటితో మాత్రం అబద్ధం చెప్పించకు."

కౌంటర్లో ఆఫీసరు పేరు హర్యొనొ. యాభై దాటిన మనిషి, జుట్టు పలచబడింది, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. పాత పాస్‌పోర్టు తెరిచి పుట్టిన ఊరు చూడగానే జావా భాషలోకి దిగిపోయాడు, అమ్మగారూ అన్నట్టు "ఇబు" అంటూ.

"పొనొరొగొనా ఇబు! మా అత్తగారిదీ అటే. సంచిలో ఏంటది, టెంపేనా? ఆ వాసన మూడు కౌంటర్ల అవతల నుంచే పట్టేశాను. ఇక్కడి బజార్లో దొరికేది టెంపేనా, అట్టముక్క." ఆమె ఒక కట్ట బల్ల మీద పెట్టబోతే చేతులు అడ్డం పెట్టాడు. "పని అయ్యాక ఇవ్వండి. ముందిస్తే నా ఉద్యోగం పోతుంది."

రుస్నాని నవ్వడానికి ప్రయత్నించింది. తల్లి బొటనవేలు గాజు పలక మీద పెట్టింది. పెట్టేసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు, వేలు మాత్రం అలవాటుగా వెళ్ళిపోయింది.

హర్యొనొ మీటలు నొక్కుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. రాగం మధ్యలో ఆగింది. కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇబు, అమ్మగారి పేరేంటన్నారు?"

"పార్తి."

"నాన్నగారు?"

"కార్తో."

"పుట్టిన తేదీ?"

అక్క పుట్టిన తేదీ చెప్పింది. సొంత తేదీ కన్నా గట్టిగా గుర్తు.

"అన్నీ సరిపోయాయి" అన్నాడు హర్యొనొ. "అదే వచ్చిన చిక్కు. ఇదివరకు ఎక్కడి కాగితాలు అక్కడుండేవి. ఇప్పుడు పుట్టుకలూ చావులూ అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఈ వివరాలున్న మనిషి చనిపోయినట్టు రాసి ఉందిక్కడ."

రుస్నాని తల్లి వైపు చూసింది. తల్లి ముఖంలో భయం కనిపిస్తుందనుకుంది. భయం లేదు. వదులైన ముఖం. ఎవరో చివరికి అక్క పేరు మీద రెండు అక్షరాలు రాశారు. ఊళ్ళో నాన్నే రాయించి ఉంటాడు, పడవ సంగతి తెలిశాక.

"అవునయ్యా" అందామె. "పడవలో పోయింది. నలభై ఒక్క ఏళ్ళయింది."

"ఏ పడవ?" హర్యొనొ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నిరుడు జూన్‌లో. బెంగ్కాలిస్‌లో, ఇంట్లోనే, ఊపిరితిత్తుల జబ్బుతో."

ఆమెకి అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నట్టు చెవి ముందుకి వంచింది. హర్యొనొ ఇంకోసారి చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి.

వర్తిని చెయ్యి బల్ల అంచు మీద నుంచి జారిపోయింది. ఒళ్ళోని సంచి కిందపడి టెంపే కట్టలు నేల మీద దొర్లాయి. ఎవరూ వాటిని తియ్యలేదు. నలభై ఏళ్ళుగా తన వెనక తడి బట్టలతో నిలబడిందనుకున్న మనిషి, సముద్రం అవతలి ఒడ్డున, ఒక ఇంట్లో, పొయ్యి వెలిగించుకుంటూ, దగ్గుకుంటూ, ముసలిదవుతూ బతికింది. నిరుటి దాకా బతికింది. జాలరి పడవలో పొద్దున బయల్దేరితే అన్నం వేళకి చేరేంత దూరంలో బతికింది.

"మక్" అని రుస్నాని భుజం పట్టుకుంది. "పడవలో పోయిందన్నావు కదా. నువ్వు చూశావా?"

"చూడలేదు."

"మరి?"

"ఆ సాయంత్రం జాలర్లే చెప్పారు" అంది వర్తిని. కూతురితో చెప్తోందో, ఆఫీసరుతో చెప్తోందో తెలియదు. "అవతలి వైపు పడవ ఒకటి ఎవరో ఆడమనిషిని నీళ్ళలోంచి ఎత్తుకుని వెళ్ళిందట. బతికుందో లేదో తెలీదట. 'నీవాళ్ళెవరైనా ఉన్నారా పడవలో? ఉంటే చెప్పు, కబురు చేస్తాం' అన్నారు. అప్పటికి పోలీసాయన కాగితంలో రాసుకుని వెళ్ళిపోయాడు. నేను సుమియాతినని." ఊపిరి తీసుకుంది. "ఎవరూ లేరన్నాను."

రుస్నాని చెయ్యి తల్లి భుజం మీద నుంచి లేచింది. గాలిలో ఒక్క క్షణం ఆగింది. తిరిగి ఆనలేదు.

హర్యొనొ మీటల మీద నుంచి చేతులు తీసేశాడు. పక్క కౌంటర్లో ఎవరో పెళ్ళి కాగితం గురించి గొడవ పడుతున్నారు. అతను లేచి మధ్యలో ఉన్న తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఇబు, మీరిప్పుడు చెప్పింది నేను వినలేదనడానికి లేదు. రాసుకోవాలి."

"రాసుకోండి. చనిపోయినావిడ మా అమ్మకి అక్క. మా అమ్మ పేరు వర్తిని" అంది రుస్నాని.

"రాసుకుంటే సంగతేంటో కూడా చెప్తాను. చనిపోయిన మనిషి పేరు మీద పాస్‌పోర్టు పుట్టదు. పాస్‌పోర్టు లేందే మీ ఎర్ర కార్డు మారదు. పైగా అది మీ పేరు మీద లేదు కాబట్టి అసలు మీదే కాదు. మీ సొంత పేరు మీద ఇక్కడ కాగితం లేదు, అక్కడా ఉండదు. నలభై ఒక్క ఏళ్ళ క్రితం ఊరొదిలి తిరిగి రాని పిల్ల. మీరే వర్తిని అని చెప్పడానికి అమ్మానాన్నా ఉన్నారా?"

"లేరు."

"ఊళ్ళో?"

"ఎవరూ లే..." ఆ మాట పూర్తిగా అనలేకపోయింది.

హర్యొనొ తెర మీదికి మళ్ళీ చూశాడు. బుగ్గ గోక్కున్నాడు. "ఈ చావు రాయించింది కూతురు. పుర్వంతి అని ఉంది. మీకు ఈ నంబరు ఇవ్వడానికి నాకు వీల్లేదు. నేను చెయ్యొచ్చు. రక్తం పంచుకున్న మనిషి సాక్ష్యం చెప్తే దారి దొరకొచ్చు. చెప్పకపోతే..." మిగతాది అనకుండా బల్ల మీద ఫోన్ తీసుకున్నాడు. "చెయ్యమంటారా?"

రుస్నాని తల్లిని చూసింది. వర్తిని తల ఊపింది.

అందరికీ వినపడేటట్టు పెట్టి ఫోన్ చేశాడు. అవతల గంట చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునేలోపు ఎవరో ఎత్తారు. చుట్టూ సంత గోల, చేపలు కొడుతున్న కత్తి చప్పుడు.

"ఎవరూ?"

ఆ ఒక్క మాటకి వర్తిని కుర్చీలో వెనక్కి జరిగిపోయింది. అది అక్క గొంతు. ఇరవై ఒక్క ఏళ్ళప్పటి గొంతు కాస్త గరుకెక్కింది, అంతే.

హర్యొనొ తనెవరో, ఎక్కడి నుంచో చెప్పాడు. మీ అమ్మగారు ఇబు సుమియాతి వివరాలతో ఇక్కడ ఒకావిడ పాస్‌పోర్టుకి వచ్చారని చెప్పాడు.

కత్తి చప్పుడు ఆగిపోయింది. సంత గోల మాత్రం వినిపిస్తోంది.

"వచ్చిందా?" అంది ఆ గొంతు. ఆశ్చర్యం లేదు అందులో. "ఏడాది పట్టింది."

"అంటే, మీరు ఎదురుచూస్తున్నారా?"

"మా అమ్మ ఎదురుచూసింది సార్. మా వాడలో చావులు ఎవరు రాయిస్తారు? పోయేముందు అమ్మే అంది. 'నా చావు తప్పకుండా రాయించవే. రాయిస్తే నా పేరు పెట్టుకున్న మీ పిన్ని ఎక్కడో ఒక ఆఫీసులో ఆగిపోతుంది. ఆగిన రోజున నీకు ఫోన్ వస్తుంది' అని. మూడుసార్లు తిరిగి రాయించాను."

రుస్నాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హర్యొనొ గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, ఈవిడ మీ పిన్ని వర్తిని అని మీరు సాక్ష్యం చెప్పగలరా? చెప్పకపోతే ఈవిడకి ఇక్కడా చోటుండదు, అక్కడా ఉండదు."

"ఆవిడ వింటోందా?"

"వింటున్నారు."

"అయితే ఆవిడకే చెప్తున్నా." గొంతు ఫోన్‌కి దగ్గరగా వచ్చింది. "రేపు పడవకి వస్తున్నాను పిన్నీ. సాక్ష్యం చెప్తానో లేదో నీ ముఖం చూశాక. నేనొక్కదాన్నే రావడం లేదు. ఆ రోజు మా అమ్మని నీళ్ళలోంచి తీసిన తాత బతికే ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు, మతి మాత్రం చక్కగా ఉంది. పడవ తిరగబడ్డాక నూనె డబ్బా దగ్గర ఏం జరిగిందో ఆయన కళ్ళారా చూశాడు. మా అమ్మ ఆ సంగతి చచ్చేదాకా నాతో అనలేదు. ఆయన చెప్పాడు. నువ్వు నీ బిడ్డకి చెప్పావా?"

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

హర్యొనొ ఎవరి వైపూ చూడకుండా కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నేల మీద పడ్డ ఆకు కట్టల్ని దాటుకుంటూ రుస్నాని వచ్చి తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. పొర కమ్మిన ఆ కళ్ళలోకి చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"అక్క దొరకలేదన్నావు. డబ్బా దగ్గరికి ఆవిడ వచ్చిందా మక్?"

వర్తిని ఈసారి తల ఊపలేదు. "వచ్చింది" అంది.